రష్యన్ సేజ్ పక్కన ఏది నిలుస్తుంది?

రష్యన్ సేజ్‌కు ఆ పేరు సరిగ్గా అతకదు. దాని పుట్టిల్లు రష్యా కాదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇరాన్, పశ్చిమ టిబెట్ కొండవాలుల్లో, రాళ్ల మధ్య తనంతట తాను పెరిగే మొక్క ఇది. 19వ శతాబ్దంలో ఓరెన్‌బర్గ్ ప్రాంతానికి గవర్నర్‌గా పనిచేసిన రష్యన్ సేనాని వసీలీ పెరోవ్‌స్కీ పేరు మీద దీని ప్రజాతిని పెరోవ్‌స్కియా అన్నారు. ఇక సేజ్ అనే మాట కూడా చాలాకాలం అరువు మాటే. సేజ్ అనిపించుకోవాలంటే అసలు సేజ్ మొక్కల ప్రజాతి సాల్వియాకు చెందాలి, అప్పట్లో దీన్ని అందులో లెక్కించేవారు కాదు. 2017లో వృక్షశాస్త్రవేత్తలు జన్యుపరమైన దగ్గరితనం చూసి పెరోవ్‌స్కియాను, దాంతోపాటు రోజ్‌మేరీని కూడా సాల్వియాలో కలిపేశారు. ఇప్పుడు దీని శాస్త్రీయ నామం సాల్వియా యాంగీ. నర్సరీ లేబుళ్ల మీద ఇంకా పాత పేరే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వెతికేవాళ్లకు రెండూ తెలిసి ఉండటం మంచిది.

పేరు సంగతి ఎలా ఉన్నా, పుట్టింటి సంగతి వదిలేయడానికి లేదు. ఆ కొండల్లో చలికాలం గడ్డకట్టే చలి. వసంతంలో మంచు కరిగి కాస్త తడి. ఆ తర్వాత నెలల తరబడి ఎండే. నేలలో సారం తక్కువ, నీళ్లు నిలిచే ప్రసక్తే లేదు. ఈ మొక్క ఎందుకు అలా ఉంటుందో, దాని పక్కన ఏది బతుకుతుందో, ఏది చస్తుందో అంతా ఇందులోనే ఉంది. కానీ బహువార్షిక మొక్కల తోట వేసేవాళ్లు తోడు మొక్కల్ని ఎంచుకునేటప్పుడు ఎక్కువగా రంగుతోనే మొదలుపెడతారు. దీని పువ్వుల ఊదా కలిసిన నీలం పక్కన పసుపు నప్పుతుందా, గులాబీ రంగు నప్పుతుందా అని చూస్తారు. ఆ ప్రశ్న ఆఖర్న అడగాలి. ముందు చూడాల్సింది దాహం. పక్క మొక్క దాహం దీని దాహంతో కలవాలి, రూపం మాత్రం కలవకూడదు. ఈ రెండూ కుదిరిన చోట రంగు గురించి పెద్దగా తల బద్దలు కొట్టుకోవాల్సిన పని ఉండదు.

ఒక కాడను దగ్గరగా చూస్తే

పూత మీదున్న ఒక కాడను తెంపి చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది అది గుండ్రంగా లేదని. వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి. తులసి, పుదీనా కుటుంబపు గుర్తు అది. కాడంతా తెల్లటి సన్నని నూగు, పిండి చల్లినట్టు ఉంటుంది. ఎండ కొంత వెనక్కి కొట్టడానికి, గాలికి తడి ఆరిపోకుండా ఉండటానికి ఆ నూగు పనికొస్తుంది. ఆకులు సన్నగా, అంచులు కోసినట్టుగా, బూడిద రంగులో ఉంటాయి. నలిపితే ఘాటైన వాసన. జింకలు, కుందేళ్లు దీని జోలికి పెద్దగా రాకపోవడానికి ఆ ఘాటు ఒక కారణం.

పువ్వు చాలా చిన్నది, రెండు పెదవులున్న గొట్టంలా ఉంటుంది. ఒక్కో పువ్వు ఎక్కువ రోజులు నిలవదు. అయినా దుబ్బు మొత్తం జులై నుంచి దాదాపు అక్టోబర్ దాకా పూతలోనే ఉన్నట్టు కనిపిస్తుంది (ఈ వ్యాసంలో నెలలన్నీ ఉత్తరార్ధగోళం లెక్కలో). పూరేకులు రాలిపోయాక కూడా కింద ఉన్న రక్షకపత్రాల గిన్నె, దాని మీద ఊదా నూగు అలాగే ఉండిపోతాయి. దూరం నుంచి చూసేవాళ్లకు రాలిన పువ్వుకూ రాలని పువ్వుకూ తేడా తెలియదు. తోడు మొక్కల లెక్కలో ఇది పెద్ద విషయం. మూడు నెలల పాటు రంగు మారకుండా ఉండే మొక్క పక్కన రంగులు మార్చుకునే మొక్క ఉంటే తప్ప ఆ పాదులో కదలిక ఉన్నట్టు అనిపించదు.

ముందు నీళ్లు

రష్యన్ సేజ్‌ను చలి చంపడం అరుదు. నీరు ఇంకే నేలలో మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా తట్టుకుంటుంది. చలికాలపు తడి మాత్రం మొదలును కుళ్లబెడుతుంది. వేసవిలో ఎక్కువ తడులు పెట్టినా, కంపోస్టు దండిగా వేసినా చావదు గానీ పడిపోతుంది. మూడు నాలుగు అడుగుల కాడలు బలం లేకుండా సాగి, పూత బరువుకు, ఒక గాలివానకు నడుమ నుంచి విచ్చుకుని నేల మీద పరుచుకుంటాయి. ఇది తెగులు అనుకుని మరింత ఎరువు వేసేవాళ్లూ ఉంటారు, దాంతో పరిస్థితి ఇంకా ముదురుతుంది. అంతకన్నా పక్కనున్న మొక్క ఏమిటో, దానికోసం ఎన్ని తడులు పెడుతున్నారో చూస్తే కారణం దొరుకుతుంది.

అందుకే హోస్టా, ఆస్టిల్బీ, హైడ్రేంజియా, పొడుగు ఫ్లాక్స్ లాంటివి ఫొటోలో ఎంత బాగున్నా ఈ పాదులోకి రాకూడదు. అవి తడి అడుగుతాయి, కొన్ని నీడ కూడా అడుగుతాయి. ఒకే పైపుతో ఇద్దరి దాహమూ తీర్చాలని చూస్తే ఒకటి వాడిపోతుంది, లేదా ఇంకొకటి పడిపోతుంది.

గులాబీల సంగతి కాస్త చిక్కు. గులాబీ, రష్యన్ సేజ్ జోడీ చాలా పాతది, చూడటానికి నిజంగా బాగుంటుంది. గులాబీ మొక్క కింది భాగం మోడుగా, ముళ్లతో ఉంటుంది, దాన్ని ఈ వెండి గుబురు కప్పేస్తుంది. కానీ గులాబీకి సారం కావాలి, వేసవిలో లోతుగా తడి కావాలి. ఈ జోడీ వద్దనడానికి లేదు. అయితే గులాబీ పాదు మధ్యలో సేజ్‌ను గుచ్చకూడదు. పాదు అంచున, కాస్త ఎత్తులో, ఎరువూ డ్రిప్పూ చేరని చోట నాటి, గులాబీ మీదికి వంగనివ్వాలి.

పసుపు రడ్‌బెకియా విషయం కూడా ఇలాంటిదే. రష్యన్ సేజ్ తోడు అనగానే అందరికీ ముందు కనిపించే బొమ్మ ఇదే: నీలి పొగ లాంటి గుబురు ముందు నల్ల గుండీలున్న పసుపు పువ్వులు. రడ్‌బెకియా ఫుల్గిడా రకాలు ఓ మోస్తరు తేమ ఉన్న నేలలో ఈ జోడీని బాగానే నిలబెడతాయి. నిజంగా పొడి నేల అయితే ఆగస్టు మధ్యాహ్నానికి వాటి ఆకులు వేలాడతాయి. వాటిని చూసి నీళ్లు పెడితే సేజ్ పడిపోతుంది. రాళ్ల నేలలో పసుపు కావాలనుకుంటే అకీలియా నయం. బల్లపరుపు పళ్లెంలా పూసే పసుపు రకాలు ఎండను లెక్కచేయవు, వాటి బూడిదరంగు ఆకులు కూడా సేజ్ ఆకులతో కలిసిపోతాయి. మొదటి పూత అయ్యాక కాడలు కోసేస్తే మళ్లీ కొంత పూస్తాయి.

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో తోటల నిపుణురాలు బెత్ చాటో వేసిన గ్రావెల్ గార్డెన్ (కంకర తోట) ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఒకప్పుడు కార్లు నిలిపే స్థలం అది. 1990ల మొదట్లో అక్కడ కంకర నేలలో ఎండకు ఓర్చే మొక్కలు నాటి, నాటుకున్నాక వాటికి నీళ్లు పెట్టకూడదని నియమం పెట్టుకున్నారు. ఏడాదికి దాదాపు 500 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోటు. ఏ చోటికి ఆ మొక్క అన్నది ఆమె మాటల్లోనే కాక తోటలోనూ కనిపిస్తుంది. ఎండకు ఓర్చేవన్నీ ఒక చోట చేరినప్పుడు ఒకదాని కోసం ఇంకొకటి నష్టపోవాల్సిన అవసరం ఉండదు.

మల్చ్, అంటే నేల మీద కప్పే పొర కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. చెట్టు బెరడు ముక్కలో, ఆకు ఎరువో మొదలు చుట్టూ పోస్తే తడి అక్కడే నిలుస్తుంది. సన్న కంకర పోస్తే మొదలు పొడిగా ఉంటుంది. తోడుగా వచ్చే మొక్కలు కూడా కంకరను ఇష్టపడేవే అయితే పాదంతా ఒకే తీరుగా కప్పేయవచ్చు.

పొగ పక్కన పళ్లెం

రష్యన్ సేజ్‌కు అంచులు లేవు. పది అడుగుల దూరం నుంచి కాడలు, ఆకులు, పువ్వులు విడివిడిగా కనిపించవు, నీలంగా ఒక పొగ లేచినట్టుంటుంది. ఆ పొగే దాని అందం. కానీ పొగ పక్కన ఇంకో పొగ పెడితే రెండూ కనిపించవు. గౌరా, సన్నాకుల కోరియోప్సిస్, లావెండర్ దాహం లెక్కలో పూర్తిగా సరిపోయేవే. రూపం లెక్కకు వచ్చేసరికి అక్కడే తేలిపోతాయి, అన్నీ సన్నగా అన్నీ తేలిగ్గా ఉండి పాదంతా గజిబిజిగా కనిపిస్తుంది. లావెండర్‌ను వద్దనాల్సిన పని లేదు గానీ పక్కపక్కనే పోటీకి పెట్టకుండా ముందు వరసలో పెడితే బాగుంటుంది. వేసవి మొదట్లో లావెండర్ పూసి తగ్గే వేళకు వెనక సేజ్ మొదలవుతుంది. అవి ఒకేసారి మాట్లాడవు, ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడతాయి.

పక్కన ఉండాల్సింది గట్టి ఆకారం. ఈ పనికి పొడుగు సీడమ్‌ను మించింది లేదు. ఆటమ్ జాయ్ అనే పాత రకాన్నే తీసుకుంటే, ఏప్రిల్‌కే నేలలోంచి చిన్న చిన్న గులాబీ మొగ్గల్లా ఆకుల గుత్తులు లేస్తాయి. మేలో దళసరి ఆకులతో గుండ్రటి దిబ్బలా తయారవుతుంది. జులైలో పైన పచ్చటి మొగ్గల పళ్లేలు వస్తాయి. ఆగస్టు చివర్లో అవి గులాబీ రంగుకు తిరిగి, సెప్టెంబర్‌లో ముదిరి, అక్టోబర్‌కు ఇటుక రంగు, ఆపైన గోధుమ రంగు అవుతాయి. వెనక నీలం మూడు నెలలూ అలాగే ఉంటుంది, ముందున్న పళ్లెమే రంగులు మారుస్తూ పోతుంది. పువ్వుల మీద తేనెటీగలు రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. సారం ఎక్కువైతే సీడమ్ కూడా నడుమ నుంచి విచ్చుకుని పడిపోతుంది. అంటే రెండింటి జబ్బూ ఒకటే, మందూ ఒకటే: ఎరువు వేయకపోవడం. సేజ్ మొదలు దగ్గర కర్రలా బోసిగా ఉంటుంది కదా, ఆ చోటును సీడమ్ దిబ్బ కప్పేస్తుంది.

ఎకినేషియా గుండ్రటి దిమ్మెతో, వాలిన రేకులతో పొగలో బాగా తేలుతుంది. పొడి నేలకైతే వాడుకలో ఉన్న ఊదా రకం కన్నా లోతుగా తల్లివేరు దిగే ఎకినేషియా పాల్లిడా మెరుగు. కొత్తగా వస్తున్న జంట రేకుల నారింజ, ఎరుపు సంకరాల్లో చాలావాటి ఆయుష్షు తక్కువ. నాలుగేళ్ల తోట ప్లాన్‌లో వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

గడ్డి జాతుల్లో రెండు రకాల ఉపయోగం కనిపిస్తుంది. కార్ల్ ఫోర్‌స్టర్ అనే గడ్డి నిట్టనిలువుగా, స్తంభాల వరసలా లేస్తుంది. జర్మన్ నర్సరీకారుడి పేరు పెట్టుకున్న ఈ రకాన్ని అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2001లో ఆ ఏటి మొక్కగా ప్రకటించింది. రష్యన్ సేజ్‌కు అదే గౌరవం 1995లో దక్కింది. ఈ గడ్డి చలి తగ్గగానే పచ్చబడుతుంది, జూన్‌కే కంకులు వేస్తుంది, వాలబోయే సేజ్ కాడలకు వెనక ఆసరాగా నిలుస్తుంది. మరీ పొడి నేలలో దీనికి ఎప్పుడో ఒక తడి పెట్టాల్సి రావచ్చు. లిటిల్ బ్లూస్టెమ్ అనే ప్రయరీ (ఉత్తర అమెరికా గడ్డి మైదానాల) గడ్డికి ఆ ఇబ్బంది లేదు. బీద నేలలోనే అది నిటారుగా ఉంటుంది. వేసవిలో నీలం కలిసిన పచ్చ, శరదృతువు వచ్చేసరికి రాగి రంగు. ఆ రాగి వెనక సేజ్ తెల్ల కాడలు కనిపించే అక్టోబర్ రోజులు ఈ జోడీకి అసలైన కాలం.

ఏప్రిల్‌లో ఉండే ఖాళీ

ఫొటోల్లో ఎప్పుడూ కనిపించని సమస్య ఒకటుంది. రష్యన్ సేజ్‌ను వసంతం మొదట్లో, కింద మొగ్గలు ఉబ్బడం కనిపించాక, అరడుగు నుంచి అడుగు ఎత్తుకు కత్తిరిస్తారు. ఆ తర్వాత చాలా వారాలు అక్కడ నాలుగు మోడులే మిగులుతాయి. చిగురు ఆలస్యంగా వస్తుంది, కొత్తగా పెంచేవాళ్లు చచ్చిందనుకుని పీకేసిన సందర్భాలూ ఉంటాయి. మూడు దుబ్బులు కలిపి నాటితే పదడుగుల మేర మే నెల దాకా బోసిగా కనిపిస్తుంది. ఈ ఖాళీకి జవాబు ఎక్కడో వెతకనక్కర్లేదు. సేజ్ పుట్టిన మధ్య ఆసియా కొండలే తులిప్‌లకు, ఉల్లి జాతికి చెందిన ఎన్నో అల్లియమ్‌లకు, పొడుగు కంకులు వేసే ఎరెమూరస్‌కు కూడా పుట్టిల్లు. అవన్నీ ఒకే వాతావరణానికి అలవాటు పడినవే, కాకపోతే బతికే పద్ధతి వేరు. సేజ్ నూగు కప్పుకుని ఎండను ఓర్చుకుంటుంది. ఈ దుంపజాతులు వసంతపు తడి ఉన్నంతలోనే పూసి, కాసి, ఎండ ముదిరేలోపు నేలలోకి దాక్కుంటాయి.

కాబట్టి అవి ఒకే చోటును వంతులవారీగా వాడుకోగలవు. తోటల్లో తులిప్‌లు రెండేళ్లకే క్షీణించడానికి ఒక ముఖ్య కారణం, నిద్రలో ఉన్న దుంపకు వేసవి తడులు తగలడం. పొట్టిగా ఉండే అడవి తులిప్ రకాలకు ఎండిన వేసవి నేల కావాలి, సేజ్ పాదులో సరిగ్గా అదే దొరుకుతుంది. ఏప్రిల్‌లో మోడుల మధ్య అవి పూస్తాయి. అవి పండుబారే వేళకు సేజ్ బూడిద చిగురు పైకి వచ్చి ఎండుటాకుల్ని దాచేస్తుంది. అల్లియమ్‌ల విషయంలో ఈ దాచడం ఇంకా అవసరం. పొడుగు అల్లియమ్‌లు ఊదా బంతి ఎత్తుకునే సమయానికే కింద ఆకులు పసుపుబారి చూడటానికి అసహ్యంగా తయారవుతాయి.

ఎరెమూరస్ అందరికీ తెలిసిన మొక్క కాదు గానీ ఈ పాదుకు అది సరైన జోడు. నక్షత్రచేపలా నలుదిక్కులా పరుచుకున్న కండగల వేర్లు, మధ్యలో ఒకే మొగ్గ. జూన్ ప్రాంతంలో నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తున తెలుపో పసుపో నారింజో రంగులో కంకి నిలబెడుతుంది, జులై వచ్చేసరికి పైన ఏమీ మిగలదు. ఆ ఖాళీలోకి సేజ్ విచ్చుకుంటుంది. జాగ్రత్త ఒకటే. ఎరెమూరస్ మొగ్గకు వసంతపు ఎండ తగలాలి, ఇరుగుపొరుగు ఆకుల నీడ పడకూడదు. సేజ్‌ను కత్తిరించి ఉంటారు కాబట్టి రెండడుగుల దూరం ఇస్తే ఆ ఎండ దొరుకుతుంది. కంటికి కనిపించని నెలల్లో అక్కడ గడ్డపార దించితే మాత్రం వేరు తెగుతుంది, ఒక గుర్తు కర్ర పాతి ఉంచాలి.

మే, జూన్ నెలల వెలితిని పుదీనా కుటుంబానికే చెందిన నెపీటా పూరిస్తుంది. వాకర్స్ లో (Walker's Low) అనే రకం పేరు చూసి పొట్టిది అనుకుని ముందు అంచున నాటితే రెండున్నర అడుగుల గుబురు దారికి అడ్డొస్తుంది. పేరులోని ‘లో’కు ఎత్తుతో సంబంధం లేదు. పూత తగ్గగానే సగానికి కోసేస్తే సేజ్ పూసే వేళకు శుభ్రంగా కొత్త ఆకు వేసుకుని ఉంటుంది.

రంగు, చోటు

రంగు గురించి చెప్పాల్సింది తక్కువ. ఊదా నీలానికి పసుపు ఎదురు రంగు, గులాబీ పక్క రంగు. రెండూ నడుస్తాయి, ఎందుకంటే మధ్యలో ఉన్న వెండి బూడిద ఎంత గట్టి రంగునైనా మెత్తబరుస్తుంది. అసలు ఆలోచించాల్సింది వెనక ఏముందన్నది. ముదురు పచ్చ కంచె ముందో, ముదురు ఊదా ఆకుల కోటినస్ పొద ముందో నాటితే వెండి కాడలు గీత గీసినట్టు కనిపిస్తాయి. బూడిదరంగు గోడ ముందు నాటితే ఎంత డబ్బు పోసి కొన్న రకమైనా కనిపించకుండా పోతుంది. నీలం దూరానికి వెనక్కి జరిగినట్టు అనిపించే రంగు. పెద్ద తోటలో చివర్న పెడితే ఉనికి తగ్గుతుంది, దారి పక్కన పెడితే వాసన కూడా అందుతుంది.

దూరం విషయంలో తొందరపాటు వద్దు. కుండీలో సన్నగా ఉన్న మొక్కను చూసి అడుగు దూరంలో నాటేస్తారు, మూడో ఏటికి అది మూడడుగుల వెడల్పు అవుతుంది. బ్లూ స్పైర్ లాంటి పొడుగు రకాలకు మూడడుగులు, లిటిల్ స్పైర్ లాంటి పొట్టి రకాలకు రెండడుగులు వదలాలి. చిన్న తోటలో పొడుగు రకాన్ని కత్తెరతో అదుపు చేసే బదులు మొదటే పొట్టి రకం తెచ్చుకోవడం తేలిక. రోజుకు ఆరు గంటల నేరు ఎండ లేని చోట అయితే ఈ లెక్కలేవీ పనిచేయవు, అక్కడ ఏ తోడు మొక్కా దాన్ని నిలబెట్టలేదు.

ఇంకా ఒక అలవాటు గుర్తుంచుకోవాలి. నచ్చిన నేల దొరికితే రష్యన్ సేజ్ భూమిలోంచి పిలకలు పెడుతుంది. సీడమ్, గడ్డి దుబ్బులు వాటిని లెక్కచేయవు. అడుగు దూరంలో ఉన్న చిన్న మొక్కల్ని, ముఖ్యంగా రాళ్ల తోటల్లో పెంచే పొట్టి రకాల్ని, ఆ పిలకలు మింగేస్తాయి. నేలను అంటుకుని పాకే థైమ్ మాత్రం పిలకల మధ్య నుంచి తన దారి తాను చూసుకుంటుంది.

చలికాలంలో వీటిలో దేన్నీ కోయక్కర్లేదు. సేజ్ తెల్ల కాడలు, ఎకినేషియా నల్ల దిమ్మెలు, సీడమ్ గోధుమ పళ్లేలు, గడ్డి కంకులు అన్నీ మంచులో నిలబడే ఉంటాయి. గింజలు పిట్టలు తింటాయి. వసంతం మొదట్లో ఒకే రోజు, ఒకే కత్తెరతో పాదంతా శుభ్రం చేయవచ్చు. గడ్డి, సీడమ్ నేలమట్టంగా, సేజ్ మాత్రం అడుగు ఎత్తు వదిలి. ఆ రోజే పిలకల్ని కూడా చూడాలి. వేరుతో సహా తవ్వి తీస్తే ఒక్కోటి ఒక్కో కొత్త మొక్క. పాదులో ఏదైనా చచ్చి ఖాళీ ఏర్పడి ఉంటే అక్కడ నాటి, వేరూనుకునేదాకా మొదటి వేసవి మాత్రం అడపాదడపా నీళ్లు పోస్తే సరిపోతుంది.